విమానం ముందు కొబ్బరికాయ

బేతంచెర్లలో మాకు నాపరాళ్ల లారీలున్నాయి. కొత్త బండికి కొబ్బరికాయ కొట్టనిదే మేము ఇంజన్ ఆన్ చేయం. నలభై దాటాక నేను పైలట్ శిక్షణలో చేరాను. మొదటిసారి గాల్లోకి లేవాల్సిన రోజు భయమేసింది. చూడటానికి వచ్చిన నా భార్య లక్ష్మి వద్దంటున్నా, ధైర్యం కోసం విమానం ముందే కాయ కొట్టాను.

శిక్షకుడు పరుగున వచ్చాడు. “బుద్ధుందా? ఒక్క పెంకు ఎగిరి ప్రొపెల్లర్‌కు తగిలితే మన గతేంటి? ఎవరు కొట్టారు?”

నన్ను శిక్షణ నుంచి తీసేస్తాడేమోనని, “మా ఆడామె సార్, చెప్తే ఇనదు” అన్నాను.

లక్ష్మి ముఖం ఎర్రబడింది. “నేనా? చెయ్యి పట్టుకుంటే ఇదిలించుకోని కొడ్తివి కదయ్యా! సార్, ఈయనకు ముందు నేల మీద నిజం చెప్పేది నేర్పించండి. ఎగిరేది తర్వాత సూద్దాం!”

“ఈరోజు నీకు విమానం లేదు. పెంకులన్నీ ఏరు” అన్నాడాయన.

ఎండలో మోకాళ్ల మీద ఏరుతూ కూడా లక్ష్మి మీదే పళ్లు నూరాను. తర్వాత విమానం నడపడం నేర్చుకున్నాను. భయపడినందుకు నాకు సిగ్గు లేదు. కానీ నన్ను ఆపిన మనిషి మీదికే తప్పు తోసిన ఆ మాట గుర్తొస్తే, ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.