ప్రభుదాసు స్పీకర్ పెట్టె

దయ్యాల కథలు అల్లి నలుగురినీ భయపెట్టినవాణ్ణే గానీ, ఒక్క దయ్యాన్నీ నేను నమ్మింది లేదు. అల్లేవాడికి తెలుసు గదా అందులో ఎంత సరుకుందో. ఇది మాత్రం నేను అల్లింది కాదు. అందుకేనేమో ఎవరూ నమ్మరు.

డెబ్బైల చివర్లో తిరుపతి బస్టాండు వెనక నాకొక రేడియో రిపేరు షాపు ఉండేది. పెళ్ళిళ్ళలో పాడే ఒక ఆర్కెస్ట్రాకు మైకులూ స్పీకర్లూ నేనే చూసేవాణ్ణి. అందులో గిటారు ప్రభుదాసుది. చిత్తూరు నుంచి బస్సులో వచ్చిపోయేవాడు, నా ఈడువాడే. వాడి గిటారు కోసం ప్లైవుడ్డుతో ఒక పెట్టె చేసి, రెండు పెద్ద స్పీకర్లు బిగించి ఇచ్చాను.

ఆ పెట్టె వాడికి నచ్చలేదు.

"సౌండు పల్చగా ఉండాదప్పా. లావుతీగ మీటితే రొమ్ములో తగలాల. లోపల వైర్లు మార్చి చూడు."

వాడికొక అలవాటు. సౌండు మనసుకు పడితే పెట్టె నెత్తిన అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు, ఎద్దు వీపు తట్టినట్టు. మద్రాసు నుంచి వచ్చినవాళ్ళ పెట్టెను అలా తట్టడం చూశాను. నా పెట్టెను ఒక్కనాడూ తట్టలేదు.

నా పనికి వంక పెడితే నాకు ఊరుకోబుద్ధి కాదు. పెట్టెను షాపుకు తెచ్చి, రెండు రోజులు మూల పడేసి, ఒక్క స్క్రూ కూడా విప్పకుండా తిరిగి ఇచ్చాను. వైర్లన్నీ మార్చేశానని చెప్పాను. శ్రీకాళహస్తిలో ఒక పెళ్ళిలో వాడు రెండు పాటలు వాయించి, తల వంచి విని, "రోంత మేలుగానే ఉండాదప్పా" అన్నాడు.

తబలా మునిరత్నానికి అసలు సంగతి ముందే చెప్పి ఉంచాను. ఆపుకోలేకపోయాడు. "ఒరే దాసూ, ఆయప్ప దాని మూత కూడా తీయలేదురా."

అందరూ నవ్వారు. ప్రభుదాసూ నవ్వాడు.

"సరేలేప్పా. నిజంగా మార్చిన పొద్దు చెప్పు. యాడున్నా వచ్చి వింటా."

ఇవాళ, రేపు అంటూ ఉండగానే వాడికి కామెర్లు వచ్చాయి. మూడు వారాల్లో పోయాడు. పెట్టె నా దగ్గరే ఉండిపోయింది.

ఏడాది దాకా దాన్ని ముట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు వెనక పలక విప్పాను. ఒక స్పీకరుకు రెండు వైర్లూ తారుమారుగా ఉన్నాయి. అలా ఉంటే ఒకటి ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కు లాగుతుంది, లావు సౌండంతా లోపలే చచ్చిపోతుంది. ఆ టంకం నేను పెట్టిందే. వాడు మొదటినుంచీ చెప్పింది నిజమే.

వైర్లు ఊడదీసి సరిగా అతికించాను. సరిచూడ్డానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. టార్చిలైటు బ్యాటరీని వైరు కొసలకు ఆనిస్తే స్పీకరులో ఉండే గరాటులాంటి కాగితం టప్‌మని ముందుకొస్తుంది. రెండూ కలిసి వస్తే పని సరిపోయినట్టు.

ఆనించాను. టప్. రెండూ కలిసే వచ్చాయి. బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాను. ఆంప్లిఫయరు ఇంకా తగిలించలేదు. వైరు కొసలు గాల్లో వేలాడుతున్నాయి.

"దాసూ, మార్చినాన్రా" అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

టప్. టప్.

రెండు స్పీకర్లూ కలిసి, రెండుసార్లు ముందుకొచ్చాయి. కళ్ళారా చూశాను.

బస్సు అదురేమో అనుకున్నాను. చీకటి పడేదాకా బస్సులు పోతూనే ఉన్నాయి, నేను చూస్తూనే కూర్చున్నాను. కాగితం కదల్లేదు. బ్యాటరీ తీసినప్పుడు కాగితం వెనక్కు పోవడం నాకు తెలుసు. ఏమీ ఆనించకుండా ముందుకెలా వచ్చింది?

మునిరత్నం విని, "బాగుండాదప్పా. ఈసారి చెప్పేటప్పుడు రోంత వాన కూడా పెట్టు" అన్నాడు. వాడి తప్పు కాదు. వాన లేదు. ఎర్రటి ఎండ.

ఆ పెట్టెను ఎవరికీ అమ్మలేదు. అప్పుడప్పుడు బ్యాటరీ ఒకసారి ఆనించి, తీసేసి, ఎదురుగా కూర్చుంటాను. ఒక్క టప్, అంతే. ఆ రెండూ యాడనుంచి వచ్చాయో నేటికీ చెప్పలేను. వాడు లావుతీగ మీటితే ఆ పెట్టె ఎలా పలికేదో, అదీ తెలీదు.