పక్కన పెట్టండి

రైల్వేస్టేషన్లో సామాన్ల స్కానరు ముందు కూర్చునే ఆవిణ్ణి అందరూ ఎక్స్‌రే అక్క అంటారు. తెర మీద బ్యాగు కిక్కిరిసి కనిపిస్తే చాలు, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టి, "పక్కన పెట్టండి" అంటుంది. రైలు కూత పెడుతున్నా సరే, విప్పి చూపించందే వదలదు. ఇంట్లో మొగుడి టిఫిను డబ్బాకీ ఇదే మర్యాద.

మొన్నామధ్య మామోగ్రామ్ తీయించుకుంది. డాక్టరు ఫిల్ము చూసి, "రొమ్ము కణజాలం బాగా దట్టంగా ఉందమ్మా, అంతా తెల్లగా పడింది. గడ్డలేమీ కనబడలేదు, నిశ్చింతగా వెళ్లండి" అన్నాడు. "గడ్డ ఉంటే ఏ రంగులో పడుతుందండీ?" అంది అక్క. "అదీ తెల్లగానే." అక్క కళ్లజోడు జారింది. ఆయన బల్ల మీద పెన్ను రెండుసార్లు మోగింది. "ఇలాంటి బ్యాగు నేను వదిలేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. పక్కన పెట్టండి!" డాక్టరు నవ్వాపుకుంటూ అల్ట్రాసౌండు రాశాడు. అందులో శనగగింజంత గడ్డ బయటపడింది. క్యాన్సరే. చిన్నగా ఉండగానే తీసేశారు. కొన్నాళ్లకి అక్క మళ్లీ తెర ముందుకొచ్చింది. ఓ పొద్దున బెల్టు మీద కిక్కిరిసిన సూట్‌కేసొకటి వచ్చింది. అక్క పెన్ను ఎత్తేలోపే, దాని వెనకున్న డాక్టరు తనే తాళంచెవి తీసి పక్కకి జరిగాడు.