మెట్లెక్కలేనోళ్ళ సంగతి

తిరుత్తణి కొండగుడి చూడవచ్చేవాళ్ళ కోసం నేనొక చిన్న పుస్తకం రాస్తుంటే వీధివాళ్ళంతా తలా ఒక సలహా ఇచ్చారు. పక్కింటి మామ మాత్రం మోకాలు నిమురుకుంటూ ఎప్పుడూ ఒకటే అడిగేవాడు: "మెట్లెక్కలేనోళ్ళ సంగతేంది నాయనా?"

"కొండపైకి బస్సుండాది కదా మామా, రాసినా."

"బస్సులో పోతే సామి ఒప్పుకుంటాడా?"

మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేసిన ఆయన, ఈ సందేహంతోనే కొన్నేళ్ళుగా కొండకు పోలేదని అప్పుడర్థమైంది. మా అమ్మ కసిరింది: "సామి మనసు చూస్తాడు గానీ మోకాళ్ళు చూస్తాడా అన్నా? రేపే పో!"

మర్నాడు నేనే బస్సులో తీసుకుపోయాను. దర్శనమయ్యాక మంటపంలో కూర్చుని మామ మోకాళ్ళు నిమురుకున్నాడు. గుండెలనిండా గాలి పీల్చుకుని నవ్వాడు.

"సామి ఏమీ అనలేదు నాయనా."