మెట్టుగూడ వంతెన కింది ఆలుమగలు

హెడ్ కానిస్టేబుల్ వరహాలు పాతికేళ్ల ఉద్యోగంలో ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లను లాఠీతో తట్టి లేపడమే గానీ, లేచి ఎక్కడికి పోతారని ఏనాడూ అడిగినవాడు కాడు. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబమే అతనిదీ. అయినా ఖాకీ వేసుకున్నాక డ్యూటీ డ్యూటీయే.

కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ కల్పలత ఆ పద్ధతి మాన్పించింది. ఆడవాళ్ల ఆశ్రమం నడిపే ఎమిలీని, బస్తీ పెద్దలను స్టేషన్‌కు పిలిపించింది. "తరిమితే పక్క స్టేషన్ హద్దులకు పోతరు, గంతే. ఇగ మనమే షెల్టర్‌కు తోల్కపోదాం. వరహాలు గారూ, మీరే ముంగట ఉండాలె" అంది.

మొదటి నెలలో పదకొండు మంది కదిలారు. మెట్టుగూడ వంతెన కింద ఉండే గవరమ్మ మాత్రం ససేమిరా అంది. ఆమె మొగుడు సూరికి చూపు లేదు. మగవాళ్ల షెల్టరేమో ఎక్కడో అల్వాల్‌లో ఉంది.

"మా ముసిలోడు నాను కలిపి సేతిలో ఎడితేగానీ ముద్ద ముట్టడు బాబూ."

సొంత యాస చెవిన పడగానే వరహాలు మెత్తబడ్డాడు. "నాదీ మీ పక్కేనమ్మా. ఒక్క వారం ఓర్సుకో. ఇద్దర్నీ ఒకే కాడ ఎట్టిస్తాను" అన్నాడు. మనవాడని నమ్మి ఆమె ఆశ్రమానికి జీపెక్కింది. సూరిని అల్వాల్‌లో దించారు.

వారం కాస్తా మూడు వారాలైంది. కల్పలత అర్జీ మీద అర్జీ పెట్టింది. ఎమిలీ దాతల చుట్టూ తిరిగింది. చివరికి ఆలుమగలకు ఒక గది దొరికింది. ఆ కబురుతో వరహాలు అల్వాల్ వెళ్తే, సూరి రెండు రోజులుగా కనబడటం లేదన్నారు. పెళ్లాం దగ్గరికి పోతానంటూ కర్ర తాటించుకుంటూ బయల్దేరాడట. ఆరా తీస్తే, కార్ఖానా రోడ్డు మీద లారీ గుద్దిందని తేలింది. గుర్తు తెలియని శవమని మార్చురీలో పెట్టారు.

గవరమ్మకు చెప్పవలసింది వరహాలే. ఆమె ఏడవలేదు. "ఆకలితోటే ఎలిపోనాడేటో" అంది. అంతే.

దహనం స్టేషన్ వాళ్లే జరిపించారు. "మీ తప్పేం లేదు" అని కల్పలత వరహాలుతో అంది. మూడో రోజున గవరమ్మ ఆశ్రమం నుంచి వెళ్లిపోయింది. వంతెన కిందా లేదు. ఇద్దరి కోసం సంపాదించిన గదిలో ఇప్పుడు వేరే జంట ఉంటోంది. డ్యూటీ దిగాక వరహాలు ఆమెను వెతుక్కుంటూ ఫుట్‌పాత్‌ల వెంట తిరుగుతూనే ఉన్నాడు.