రెండు గదుల సిలిండరు

అప్పలసూరి పనితనం మీద ఏక్‌బాల్‌పూర్‌లో ఎవరికీ అనుమానం ఉండేది కాదు. అదే కొంప ముంచింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కలకత్తా రేవులో బస్తాలు మోసినవాళ్లు వందల మంది. వాళ్లలో పానా పట్టి, క్రేన్ల మిస్త్రీగా ఇరవై రెండేళ్లు పేరు నిలుపుకున్నవాడు అతనే. కంటైనర్లు వచ్చి పాత క్రేన్లు మూలపడ్డాక అతన్నీ ఇంటికి పంపేశారు. ఇంక మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు. మురిస్తే మురిశాడు, ఎవరైనా ఒక మాట చెబితే వినొద్దూ?

తొంభై ఎనిమిదిలో అతని బావమరిది బైరాగి ఒక పాత జీపు కొన్నాడు. యాభైల నాటి బండి. దాని బ్రేకు మాస్టర్ సిలిండరుకి ఒకటే గది. నాలుగు చక్రాలకీ నూనె అక్కణ్ణించే పోవాలి కాబట్టి, ఎక్కడ ఒక గొట్టం చిట్లినా నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి.

"ఇది మార్చీయాల్రా. రెండు గదులది ఎయ్యాల. ఒకటి పోనా రెండోది కాస్తాది. పిల్లలెక్కే బండి," అన్నాడు అప్పలసూరి.

భవానీపూర్‌లో బండి సామాన్ల దుకాణాలన్నీ తిరిగి కొత్త రకం బండి సిలిండరు ఒకటి పట్టుకొచ్చాడు. పాత జీపులో అది కూర్చోదు. ఇనప పట్టీ కోసి, కంతలు వేసి, గొట్టాలు వంచి మూడు రోజులు కుస్తీ పట్టి కూర్చోబెట్టాడు. పని మాత్రం ముచ్చటగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బ్రేకు నూనె సీసా కూడా తీసుకెళ్లమని దుకాణదారు చెబితే నవ్వి ఊరుకున్నాడు. రేవు వదిలిన రోజు తెచ్చుకున్న క్రేను నూనె డబ్బా ఇంట్లో ఉంది కదా మరి.

"నలభై టన్నులెత్తే క్రేనుకి సరిపోయిన నూనె నీ జీపుకి సరిపోదేటి?" అని బైరాగిని ఎగతాళి చేసి, రెండు గదుల్లోనూ ఆ నూనే నిండా పోశాడు. పాత సిలిండరులోంచి తీసిన రబ్బరు బిళ్లలు ఇంకా బాగానే ఉన్నాయని, మిగిలిన నూనెతో పాటు ఒక రేకు డబ్బాలో పడేసి, పేట మిస్త్రీలంతా పనిచేసుకునే షెడ్డులో అలమారు మీద పెట్టాడు.

నాలుగో రోజు విశ్వకర్మ పూజ. ఆ రోజు కలకత్తాలో ఏ మిస్త్రీ పనిముట్టు పట్టడు. పానాలూ సుత్తులూ కడిగి, బొట్లు పెట్టి దేవుడి ముందు పేర్చాక మర్నాటిదాకా వాటిని తాకితే మహా పాపం. బండ్లకి మాత్రం దండలేసి, పూజయ్యాక ఒక తిప్పు తిప్పుతారు. బైరాగి తన తల్లి మహాలక్ష్మమ్మనీ, అక్క కాసులమ్మనీ, తన ఇద్దరు పిల్లల్నీ జీపులో ఎక్కించుకున్నాడు. రెండో హుగ్లీ వంతెన దాటి సంత్రాగాఛిలో రైల్వే వాళ్ల పూజకి బయల్దేరాడు. కాసులమ్మ అప్పలసూరి భార్య. పెద్ద మిస్త్రీ కనక అప్పలసూరి షెడ్డులో దేవుడి దగ్గరే ఉండిపోయాడు.

వాళ్లు వెళ్లి పావుగంటయింది. కర్పూరం కోసం అలమారు తడుముతుంటే రేకు డబ్బా చేతికి తగిలింది. లోపలికి చూశాడు. రబ్బరు బిళ్లలు ఒకటికి ఒకటిన్నర అయి, మినప్పప్పు నానినట్టు ఉబ్బి ఉన్నాయి. ఒకదాన్ని తీసి నొక్కితే వేళ్ల మధ్య మెత్తగా నలిగింది.

డబ్బాలో వేలు ముంచి వాసన చూశాడు, తను పోసిన నూనే. క్రేను రబ్బరు వేరు, బ్రేకు రబ్బరు వేరు. ఈ నూనె దానికి పడదు. ఉబ్బిన రబ్బరు, నూనె వెనక్కొచ్చే సన్న కంతని మూసేస్తుంది. కాలు తీసినా బ్రేకు వదలదు, చక్రాలు కాలిపోతాయి. ఆ తర్వాత రబ్బరు చిరిగిందా, పెడలు నేలకి ఆనిపోతుంది. ఒక గది పోతే రెండోది కాస్తుందన్నాడు కదా. రెండు గదుల్లోనూ అదే విషం తన చేత్తోనే పోశాడు. వంతెన దిగేచోట అంతా పల్లమే.

దేవుడి ముందున్న పానాని, దాని మీది పువ్వుతో సహా లాక్కున్నాడు. షెడ్డు బయట టాక్సీకి దండ కడుతున్న పాత స్నేహితుడు బంగారయ్య హడలిపోయాడు.

"పూజలో ఎట్టిన పానా తీస్తన్నావేటి? మతిగానీ పోనాదేటి నీకు?"

"బండి తియ్యి బంగారయ్యా. నా చేత్తో నానే మావోళ్లని సంపేసినాను. తియ్యి."

బంగారయ్య దండ అక్కడే పడేసి బండి తీశాడు. ఖిదిర్‌పూర్ దాటేసరికే ఊరేగింపులు అడ్డొచ్చాయి. లారీల మీద డప్పులు, దారికడ్డంగా చిందులు. అప్పలసూరి తల బయటికి పెట్టి, దాదా, దాదా, దారివ్వండని కనబడ్డవాడికల్లా దండం పెట్టాడు. వాళ్లు పండగ హుషారులో తిరిగి దండం పెట్టి నవ్వారు. అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. కాసులమ్మ పొద్దున ఆకుపచ్చ చీర కట్టుకుందా, నీలం చీరా? ఇరవై ఆరేళ్ల కాపురం చేసి అదైనా చూడలేదే అని తల బాదుకున్నాడు.

వంతెన నడినెత్తికి వచ్చేసరికి కాలిన వాసన కొట్టింది. దిగువన రెయిలింగు దగ్గర జనం మూగి ఉన్నారు. "ఆపకు, ఆపకు," అన్నాడు బంగారయ్యతో. ఆగితే ఏం చూడాల్సొస్తుందోనని భయం. పక్కకి వచ్చాక చూస్తే టైరు పేలిన లారీ. కళ్లు మూసుకుని పానాని గుండెకి అదుముకున్నాడు.

టోలు గేటు దగ్గర జీపు కనిపించింది. చక్రాల నుంచి పొగ వస్తోంది. బైరాగి నీళ్లు పోసి చల్లార్చి, అప్పుడే సీటెక్కుతున్నాడు. పిల్లలు వెనక ఆడుకుంటున్నారు. కాసులమ్మది ఆకుపచ్చ చీరే. అప్పలసూరి పరిగెత్తుకెళ్లి జీపు ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"దిగండి. అందరూ దిగిపోండి."

"బావా, నువ్వూ వచ్చీసినావా?" బైరాగి నవ్వాడు. "బ్రేకు పట్టీసి ఒదల్లేదు. కొత్త సిలిండరు గదా, గట్టిగుంటాది. ఇప్పుడు సరిపోనాది, సూడు."

చూపిద్దామని పెడలు నొక్కాడు. కాలు ఎక్కడా ఆగకుండా నేలకి తగిలింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ నేలే. తాళం తీసేసి కిందికి దూకాడు. మహాలక్ష్మమ్మ మనవల్ని ఒడిసి పట్టుకుని కిందికి దిగింది.

బైరాగి బానెట్టు మీద ఒక్క గుద్దు గుద్దాడు. "దొంగ సిలిండరు అంటగట్టినాడు ఆ దుకాణపోడు. రేపు ఆడి సంగతి తేల్చీస్తాను." ముసలమ్మ కూడా ఆ దుకాణదారుకి శాపనార్థాలు పెట్టింది. బంగారయ్య తలూపాడు.

ఊరుకుంటే అక్కడితో సరిపోయేది. అప్పలసూరికీ ఆ సంగతి తెలుసు. ఇంకా ఇద్దరు జీపులవాళ్లు సిలిండరు మార్పించుకుంటామని అతనికి చెప్పి ఉన్నారు. యాభయ్యో పడిలో మళ్లీ బతుకు మొదలవుతోందనుకున్నాడు పాపం.

"సిలిండరు మంచిదేరా. నూనె నాను పోసినాను. క్రేను నూనె. అది బ్రేకు రబ్బరుకి పడదు. పొగరు కొద్దీ పోసీసినాను."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బైరాగి చిన్న కూతుర్ని చంకకెత్తుకున్నాడు. ఆ తర్వాత, చిన్నప్పటి నుంచీ ఎంత మర్యాదగా మాట్లాడాడో అంత మర్యాదగానే అన్నాడు.

"ఈ మాట బయటికి పోదు బావా. మాకెవరికీ నోరు లేదనుకో. కానైతే నా బండి మీద ఇంక సెయ్యి ఎయ్యకు."

బంగారయ్య ఆడవాళ్లనీ పిల్లల్నీ టాక్సీలో ఎక్కించుకున్నాడు. కాసులమ్మ మాత్రం ఎక్కలేదు. మొగుడి పక్కన రోడ్డు మీద కూచుని, అతని చేతిలోంచి పానా తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

బైరాగి మాట నిలబెట్టుకున్నాడు. విషయం ఎక్కడా పొక్కలేదు. పనులు అడుగుతూ ఏళ్ల తరబడి మనుషులు వస్తూనే ఉన్నారు. అప్పలసూరి మాత్రం చూపు ఆనడం లేదని చెప్పి అందరినీ తిప్పి పంపేవాడు. చూపుకేం రోగం, కాసులమ్మ రవికెలు కుట్టేటప్పుడు చివరి రోజుల దాకా సూదిలో దారం అతనే ఎక్కించి ఇచ్చేవాడు.