గండం మోయని చేపలు

రాజేశం కాక పోయాడు. మంగళవారం ఉదయం సూరత్‌లో, బమ్రోలిలోని తన ఇంట్లో టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కూతురు పద్మ ఫోను చేసి, "అక్కా, బాపు లేడు" అంది. అమ్రోలిలో మా ఇంటి మెట్లు దిగుతున్న నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. నెల కిందట గుండెపోటు నుంచి బయటపడ్డ మనిషి. వారం కింద చూసినప్పుడు బనీనుతో నిలబడి చేపల తొట్లు తుడుస్తున్నాడు. ఇంత తొందరగా పోతాడని అనుకోలేదు.

బస్సు తాపి వంతెన దాటుతుండగా ఏడుపు వచ్చింది. దాని వెనకే ఊరట కూడా వచ్చింది. చావు కబురు విన్న మనిషికి ఊరటేమిటని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే వేసుకోనివ్వండి, అబద్ధం రాయడం నాకు చేతకాదు. కాక పాతికేళ్లు రంగు చేపలు అమ్మాడు. ఆయనకు గుండెపోటు వచ్చిన రోజే కొట్టులోని పెద్ద చేప, నెత్తిన బొడిపె ఉండే ఫ్లవర్‌హార్న్, చచ్చిపోయింది. యజమాని గండం చేప తన మీద వేసుకుందని బస్తీ అంతా చెప్పుకుంది. మరణం అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి, చుట్టూ అందరూ ప్రేమగా చెబుతున్న ఆ మాటకు ఒక్కసారైనా తల ఊపుతాడేమోనని ఈ నెలంతా భయపడ్డాను. ఊపకుండానే వెళ్లిపోయాడు. అయితే ఆ ఊరట అప్పటికి సగమే. ఆయన నోరు మూతపడ్డాక ఆ మాటను ఆపేదెవరు?

ఆయన నాకు గురువు. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా నేను మాట్లాడే వేదికల మీద ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ల వయసులో నేను ఆయన కొట్టుకు ఉద్యోగం అడగడానికి వెళ్లాను. మా నాన్న మగ్గాల మీద పనిచేసేవాడు. డిగ్రీ అయిన ఆడపిల్ల చేపల కొట్టులో పనికి దరఖాస్తు పెట్టడం ఆయనకు నామోషీ. నేనేమో రెండు పేజీల దరఖాస్తు రాసుకుపోయాను. వక్తృత్వంలో బహుమతులు, మూఢనమ్మకాల మీద చదివిన వ్యాసాలు, అన్నీ అందులో ఉన్నాయి. కాక దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్టూలు ఒకటి చూపించాడు.

"గా తొట్టి ముంగట గంటసేపు కూసో బిడ్డ. ఏం గనబడ్డదో చెప్పు."

గంట తర్వాత నేను ఉపన్యాసం అందుకున్నాను. పెద్ద చేప చిన్నవాటిని తరమడం, మేత దగ్గర పెత్తనం, దానికీ మన సమాజానికీ పోలిక. కాక ఓపికగా విని అడిగాడు:

"మంచిగున్నది. ఎన్ని చేపలు మీదికొచ్చి నోరు తెరుస్తున్నయ్?"

నాకు తెలియదు. నేను చూడలేదు.

"మూడు. వాటికి గాలి అందుతలేదు. నువ్వు గంటసేపు వాటిని జూసుకుంటనే సమాజం గురించి ఆలోచించినవ్" అని నవ్వాడు. "మాట్లాడుడు జర తగ్గిస్తే మస్తుగ చూస్తవ్. రేపటి సంది రా."

అలా చేరి రెండేళ్లు పనిచేశాను. కొత్తగా వచ్చిన చేపలను సంచీతో సహా తొట్టి నీళ్లలో తేలేసి, లోపలి నీళ్లు ఆ చల్లదనానికి అలవాటు పడ్డాకే వదలడం. మేత చిటికెడు వేయడం, అది తిన్నాక మరో చిటికెడు. జబ్బు చేప దొరికితే విడిగా పెట్టడం. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోతే చెంబుతో నీళ్లు ముంచి ఎత్తునుంచి పోస్తూ, నీటిలోకి గాలి చేరేలా చూడటం. ఆ పనిలో వేదాంతం లేదు. చెయ్యి ఆగితే చేప చస్తుంది, అంతే.

ఈ వ్యాపారంలో ఒక ఆచారం ఉంది. కొన్న చేప చస్తే కొట్టువాడు తప్పు ఒప్పుకోడు. "మీ ఇంటికి రావాల్సిన గండం చేప మోసుకుపోయింది, అదృష్టవంతులు" అంటాడు. కొన్నవాడు దండం పెట్టి మరో చేప కొంటాడు. చెడ్డ సరుకు అమ్మి దండం పెట్టించుకోవడం ఇంకే వ్యాపారంలోనైనా సాధ్యమా? కాక ఆ మాట ఎన్నడూ అనలేదు. "చేపకు నోరు లేదు. అందుకే దాని పేరు మీద ఎవడన్న ఏదన్న చెప్తడు" అనేవాడు.

ఆ మాట అన్నది నేను. అవును, నేనే. ఉధ్నాలో ఒక పెద్దావిడ ఇంట్లో తొట్టి శుభ్రం చేయడానికి నన్ను పంపాడు. నా శుభ్రత ఎలాంటిదంటే, నీళ్లన్నీ పారబోసి, రాళ్లు రుద్ది, నీటిని వడగట్టే స్పాంజిని కూడా కుళాయి కింద తెల్లగా పిండి, కొత్త నీళ్లు నింపాను. తొట్టి నీళ్లలోనూ ఆ స్పాంజిలోనూ కంటికి కనిపించని మేలు చేసే క్రిములుంటాయి. చేపల మలినాన్ని తినేవి అవే. నేను వాటిని కడిగిపారేశాను. మూడు రోజుల్లో ఒక్క చేపా మిగల్లేదు. ఆవిడ కళ్లనీళ్లతో నిలబడితే నా నోటికి ఆ ఆచారమే అందింది: "బాధపడకండమ్మా, మీ ఇంటి గండం పోయింది." ఆవిడ నా చేతిలో మిఠాయి పెట్టింది.

కొట్టుకు వచ్చి ఇది కాకకు నవ్వుతూ చెప్పాను. మూఢత్వం ఎంత తేలికగా అమ్ముడుపోతుందో చూశావా అన్నట్టు. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

"పా."

"ఎక్కడికి కాకా?"

"మిఠాయి తిన్నవు గదా, దాని కథ చెప్పి వద్దువు పా."

ఆ పెద్దావిడ ముందు నిలబడి, చేపలను చంపింది నేనేనని చెప్పాను. నా జీవితంలో అంత కష్టమైన ఉపన్యాసం లేదు. ఆవిడ నా మీద కాదు, కాక మీద విరుచుకుపడింది. మూడు రోజులుగా మనసు నిమ్మళంగా ఉంటే చెడగొట్టడానికి వచ్చావా అని. కాక సంచీలో తెచ్చిన కొత్త చేపలు తొట్టిలో వదిలి, నీళ్లెలా మార్చాలో చూపించి వచ్చాడు.

దారిలో ఉక్రోషంతో, "రోజూ దేవుడి పటానికి అగరుబత్తి వెలిగిస్తావు, నాకు హేతువాదం నేర్పుతావా?" అన్నాను.

"నాకు దేవుడుండు, ఆయన జూస్తడన్న భయం ఉంది. నీకు గదీ లేదంటివి" అన్నాడు ఆగకుండా నడుస్తూ. "మరి నువ్వింకెంత పైలంగ ఉండాలె?"

ఇన్నేళ్ల వాదోపవాదాల్లో నాకు జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే. ఆ అగరుబత్తి మీద నా అభ్యంతరం ఇప్పటికీ అలాగే ఉంది, అది వేరే సంగతి.

ఇక ఈ నెల సంగతి. ఆ మధ్యాహ్నం కొట్టులో కాక ఛాతీ పట్టుకుని కూలబడ్డప్పుడు పక్కన పద్మ ఒక్కతే ఉంది. ఆటో పిలిచి, తండ్రిని ఎక్కించి, షట్టరు దించబోతూ అలవాటుగా మెయిన్ స్విచ్ కట్టేసింది. ఆమె పనిచేసేది చీరల కొట్టులో. రోజూ మూసేటప్పుడు ఆఖరున చేసే పని అదే. చేపల కొట్టులో మెయిన్ ఎప్పుడూ ఆపకూడదు, గాలి మిషను రాత్రింబవళ్లు తిరగాలి. ఆ రాత్రికే పెద్ద చేప చచ్చింది. చిన్న తొట్లలో బకెట్టెడు చేపలు చచ్చాయి. ఆ బకెట్టు సంగతి బస్తీలో ఎవరూ ఎత్తలేదు. కాకది ఒక్కటే గండమైతే, ఆ బకెట్టెడు చేపలు ఎవరి గండాలు మోశాయి?

మెయిన్ ఆపింది తనేనని పద్మ తండ్రికి, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చేప కాపాడిందని జనం అంటుంటే తల ఊపేది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఆ కోపానికి సిగ్గుపడుతున్నాను.

కాక ఇంటికి వచ్చిన మూడో వారం కొట్టులో కూర్చున్నాడు. పద్మా, నేనూ అక్కడే ఉన్నాం. కడోదరా నుంచి మల్లేశం అని ఒక మగ్గం కార్మికుడు వచ్చాడు. అతని భార్యకు పిత్తాశయంలో రాళ్లు. రెండుసార్లు జ్వరంతో పడింది, డాక్టరు ఆలస్యం చేయొద్దన్నాడు. ఆమెకు కత్తంటే భయం, ఇతనికి ఆమె భయమంటే భయం.

"కాకా, నిన్ను బతికిచ్చిన చేప అసొంటిదొకటియ్యి. ఆపరేషన్ తర్వాత జూస్తం."

"నన్ను బతికిచ్చింది డాక్టరు. గోలిచ్చిండు, సుయ్యేసిండు. చేప దవాఖానకు రాలే."

"మరి గదే రోజెందుకు జచ్చింది?"

"గాలి మిషిని బందైంది. నీకు గాలాడకుంటె నువ్వు జస్తవా, పక్కింటోని గండం మోస్తవా?"

మల్లేశానికి నవ్వు రాలేదు. "ఎట్ల బందైంది?" అన్నాడు. పద్మ తలవంచుకుంది. కాక ఆమె వైపు చూడకుండానే అన్నాడు:

"స్విచ్చి మీద 'బంద్ చెయ్యొద్దు' అని రాయాల్సింది నేను. పాతికేండ్ల సంది రాయలే. తప్పు నాది."

"నువ్వు ఇయ్యకుంటే సూరత్‌ల ఇంకో దుకాణమే లేదా!" అని మల్లేశం విసురుగా వెళ్లిపోయాడు. కాక రోడ్డు వైపు చూస్తూ, "గా పిల్లకు ఆలస్యమైతదేమో" అన్నాడు. ఆయన నోట నేను విన్న చివరి మాట అదే.

కాక పోయిన పదో రోజు వాళ్లింటికి వెళ్లాను. పిండాలకు కాదు, మనుషుల కోసం. పద్మకు పెద్దనాన్న వరసయ్యే ఒకాయన అందరి మధ్య అందుకున్నాడు: "చేప నెల ఆయుష్షిచ్చింది. ఉత్త చేపనా అది!" వచ్చినవాళ్లలో మల్లేశం ఉన్నాడు. లేచి పద్మతో, "చెల్లె, మీ బాపు ఇయ్యలే. నువ్వన్న ఇయ్యి. నీ చేతులకెళ్లి వస్తె మంచిది" అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. నా దగ్గర ఉపన్యాసం సిద్ధంగా ఉంది.

అంతలో టీ గ్లాసుల పళ్లెం కింద పెట్టి పద్మ లేచింది.

"అన్నా, ఆ చేపను నేను జంపిన. తొందరల మెయిన్ బంద్ చేసిన. మీరందరు చేప గొప్పదంటుంటే నాకు పానం నిమ్మళమయ్యేది, గందుకే ఊకున్న."

"దుఃఖంల ఏదో అంటుంది పిల్ల" అన్నాడు పెద్దనాన్న.

"దుఃఖంల గాదు పెద్దబాపూ, తెలివిల్నే అంటున్న."

మల్లేశం నిలబడే ఉన్నాడు. "మరి కాక నెలరోజులెట్ల బతికిండు?"

"నేను ఆటో ఉరికిచ్చిన అన్నా. అర్ధగంటల దవాఖానల పడేసిన. ఇంకో గంటైతే గప్పుడే పోతుండెనన్నడు డాక్టరు. చేప సచ్చింది నా తొందరకు, బాపు బతికింది గూడ నా తొందరకే. నువ్వేమో ఇన్ని దినాల సంది చేపలు దేవులాడుతున్నవ్. వదినెను ఎప్పుడు తీసుకపోతవ్?"

మల్లేశం చెప్పులు వేసుకుంటూ, "సోమారం" అన్నాడు. గడప దాటి మళ్లీ వెనక్కి వచ్చి, "సోమారం ఎందుకు, రేపే" అన్నాడు.

నా ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది. దాని అవసరం రాలేదు. ఆ క్షణాన మిగతా సగం ఊరట కూడా నాకు దక్కింది. ఇన్నేళ్లలో నేను వేదికల మీద ఎందరి నోళ్లో మూయించాను. ఒక్క మనిషినీ దవాఖానకు పంపిన గుర్తు లేదు. పెద్ద చదువూ వాదనా లేని కాక అబద్ధం ఆడని ఇంట్లో కూతుర్ని పెంచి, పోయాక కూడా ఆ పని చేయించాడు. ఈ నగరంలో చేపల కొట్లు ఎన్నో ఉన్నాయి. కొనవచ్చినవాడితో "నీకు కావాల్సింది ఇది గాదు" అని చెప్పి పంపే మనిషి ఇక లేడు. ఆ లోటు పూడుతుందని నేను నమ్మను. నమ్మకాల జోలికి పోవడం నాకు మొదటినుంచీ అలవాటు లేదు.

నిన్న మల్లేశం పద్మకు ఫోను చేశాడు. ఆపరేషన్ అయింది, ఆలస్యం కాలేదట. అతని భార్య ఫోను లాక్కుని, పథ్యం పప్పులో ఉప్పు లేదని మొగుణ్ని తిడుతోందట. పద్మ ఆ సంగతి నాకు చెబుతూ నవ్వింది, మధ్యలో ఏడ్చింది, మళ్లీ నవ్వింది.