నేను గట్టిగా చేసిన ప్రార్థన

ఇప్పుడు అండమాన్‌లోని హాడోలో మేముండే క్వార్టర్స్‌కి చేపలు స్కూటర్ మీద వస్తాయి. వెనక సీటుకి తాళ్ళతో కట్టిన థర్మాకోల్ పెట్టె మూత తీయగానే ముందు ఐసు చలవ ముఖానికి తగులుతుంది, ఆ తర్వాత ఎక్కడో అడుగునుంచి కానాగంతల పచ్చివాసన నెమ్మదిగా పైకి లేస్తుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు మొప్పలు ఎత్తి చూస్తూ, సగం హిందీలో సగం తెలుగులో బేరాలాడుతూ ఉంటారు. నేను మాత్రం ఏదో ఒకటి తూచమని చెప్పి, గిన్నె అక్కడే పెట్టి, పక్కకి వచ్చేస్తాను. చేపలంటే పడక కాదు, ఇష్టంగానే తింటాను. గుమ్మం ముందు నిలబడి చేపలమ్మే మనిషి కళ్ళలోకి చూడడం నాకు ఈ వయసులో కూడా చేతకాదు. ఎందుకో చెప్పాలంటే మా నాన్న ఓడ ఎక్కిన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మా నాన్న పాస్టరు. కోనసీమలో ఒక చిన్న సంఘంవాళ్ళు, వండుకునేటప్పుడల్లా ఇంటింటా గుప్పెడు బియ్యం తీసిపెట్టి, అలా కూడబెట్టిన దానితో ఆయన్నీ, అమ్మనీ, ఏడాది నిండని నన్నూ విశాఖపట్నంలో ఓడ ఎక్కించారు. మ్యాపులో అండమాన్ మన దేశమే అయినా ఆ సంఘంలో ముసలమ్మలకి అది విదేశమే. మూడు రోజులు నీళ్ళు తప్ప ఇంకేమీ కనపడని చోటు దాటి వెళ్ళేది విదేశం కాక మరేమిటి? అందుకని మా నాన్న వాళ్ళకి 'మా మిషనరీగారు', అమ్మ 'మిషనరీ అమ్మగారు', నేను ఏ పనీ చేయకుండానే 'మిషనరీగారి పాప'. సెలవులకి వెళ్ళినప్పుడు వాళ్ళు నా బుగ్గలు పుణికి, అక్కడ అన్నం దొరుకుతుందా అని జాలిగా అడిగేవారు. నేను దొరకదన్నట్టు ముఖం పెట్టి, వాళ్ళిచ్చే పూతరేకులు తినేదాన్ని. నాలో వేషాలు అప్పటికే ఉన్నాయి.

మా ఇల్లూ, ప్రార్థన మందిరమూ ఒకటే రేకుల కప్పు కింద ఉండేవి, మధ్యలో ఒక పూల పరదా. వేసవి చివర్న మొదలైన వాన క్రిస్మస్ ముందు దాకా ఏదో ఒక వంకన కురుస్తూనే ఉండేది, రేకుల మీద ఆ మోతలో నాన్న ప్రసంగం మూడో వరసకి కూడా వినపడేది కాదు, ఆయన మాత్రం గొంతు పెంచుకుంటూ పోయేవాడు. తెల్లవారకముందే లేచి, గడ్డం గీసుకుంటూ కీర్తన పాడేవాడు. బ్లేడు గొంతు దగ్గరకి వచ్చినప్పుడు పాట ఆపి, మళ్ళీ ఆపిన మాట దగ్గర్నుంచే అందుకునేవాడు. పొద్దెక్కాక కరపత్రాల సంచీ భుజాన వేసుకుని అబర్డీన్ బజార్ బస్టాండుకి వెళ్తే భోజనం వేళకి వచ్చేవాడు, చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుని ఉండేది. అమ్మ పరిచర్య ఇంట్లోనే. చుట్టుపక్కల బెస్తవాడలో చదువురాని ఆడవాళ్ళు మధ్యాహ్నాలు వచ్చి మా అరుగు మీద కూర్చుంటే, శ్రీకాకుళం వైపు ఉన్న వాళ్ళ అమ్మలకీ అక్కలకీ ఉత్తరాలు రాసిపెట్టేది. వాళ్ళు చెప్తూ ఏడిస్తే అమ్మ రాస్తూ ఏడ్చేది. అందులో చాలామంది మందిరంలో అడుగుపెట్టినవాళ్ళు కారు, అమ్మ రమ్మని అడిగేది కూడా కాదు.

క్రిస్మస్ నెల వస్తే మాత్రం ఆ అరుగంతా మాదే. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితం అంటించడానికి మైదా జిగురు కాచితే, నేనూ చెల్లీ అందులో సగం వేలితో నాకేసేవాళ్ళం. అమ్మ అరిసెల పాకానికి ఓడలో వచ్చిన బెల్లమే కావాలని పట్టుబట్టేది, ఓడ ఆలస్యమైతే పండగ ముందురోజు దాకా ఇంట్లో అందరి ప్రాణాలూ తీసేది. వాన తెరిపిచ్చిన సాయంత్రాలు గవ్వలు పరుచుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. ఒక్కో గవ్వలోంచి సన్యాసి పీత కాళ్ళు బయటపెట్టి, ఆటని మోసుకుని వెళ్ళిపోయేది. సిప్పీఘాట్ దాకా సంఘమంతా లారీలో పిక్నిక్‌కి వెళ్ళి, పులిహోర తిని, పాటలు పాడి, ఎండకి కమిలి వచ్చేవాళ్ళం.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన. చాప మీద నలుగురం మోకరించేవాళ్ళం. మా ఇంట్లో ఏదైనా దేవుడికి చెప్పడమంటే పైకి చెప్పడమే. ఎవరికి కడుపునొప్పి, ఎవరి మొగుడు తాగొచ్చాడు, ఎవరి కొడుకు పరీక్ష తప్పాడు, పగలంతా అమ్మ చెవిలో పడినవన్నీ ఆ వేళకి పేరు పేరునా బయటికి వచ్చేవి. అది చాడీ అని మాకెవరికీ అనిపించలేదు, కళ్ళు మూసుకుని చెప్పేది చాడీ ఎలా అవుతుంది? అలా వింటూ వింటూ నాకు ప్రార్థన పట్టుబడింది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ వణికించాలో తొమ్మిదేళ్ళకే తెలిసిపోయింది. మందిరంలో నాన్న "పాప ప్రార్థిస్తుంది" అనగానే జనం ముందుకి జరిగేవారు. నేను చేస్తుంటే పెద్దవాళ్ళు ముక్కు చీదుకునేవారు. ఆ ముక్కులు చీదిన చప్పుడు కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్నని ఇప్పుడు ఒప్పుకోవాలి.

మా వాడకి చేపలు తెచ్చేది నూకరత్నం అత్త. మొగుడు అప్పన్న ఎవరిదో డింగీ పడవ మీద వేటకి వెళ్ళేవాడు. తెల్లారి ఒడ్డుకి చేరిన చేపని వెదురు బుట్టలో వేసుకుని, నెత్తిన చుట్టకుదురు మీద ఎత్తుకుని, ఆవిడ క్వార్టర్లన్నీ తిరిగేది. చివర్న మా అరుగు మీద దించేది. అమ్మతో మాట్లాడ్డానికే మా ఇంటిని చివరికి ఉంచుకునేదని తర్వాత అర్థమైంది. మా వంతు చేపలు ఆకు మీద పోస్తూ నా కోసం ఒక చేప కొసరు వేసేది. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ తడిగా ఉండేవి, నవ్వితే వీధి చివరికి వినపడేది. ఎల్లమ్మ తల్లికి మొక్కుకునేది, మా నాన్న ఎదురైతే చేతులెత్తి దండం పెట్టేది.

ఒక వానాకాలం ఆ నవ్వులో దగ్గు కలిసింది. ఒకరోజు అమ్మని వంటగదిలోకి తీసుకెళ్ళి చెప్పుకుంది. పెద్దాసుపత్రిలో చూపించుకుందిట, క్షయ అన్నారుట. రెండు నెలలుగా మాత్రలు మింగుతోందిట, ఇక పక్కవాళ్ళకి అంటదని డాక్టరు చెప్పాడుట. ఈ సంగతి బయటికి పొక్కితే తన బుట్టలో చేప ఎవరూ ముట్టరని, దేవుడికి తప్ప ఎవరికీ చెప్పొద్దని అమ్మ చేతులు పట్టుకుంది. అమ్మ మాట ఇచ్చింది. ఆ సాయంత్రం చాప మీద, అలవాటు కొద్దీ, దేవుడికి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

ఆ ఆదివారం మందిరం నిండా జనం, వాన తెరిపిచ్చింది కాబట్టి మాట స్పష్టంగా వినపడే రోజు. ఆదివారం పొద్దున్నే చేపకి గిరాకీ గనక నూకరత్నం అత్త ఊళ్ళో తిరుగుతూ ఉంటుంది. నాన్న నన్ను పిలిచాడు. నేను మామూలుగా మొదలుపెట్టాను, దేశం కోసం, ఓడల కోసం, రోగుల కోసం. ముక్కులు ఇంకా చీదడం లేదు. అప్పుడు గొంతు వణికించి, మా నూకరత్నం అత్త క్షయతో బాధపడుతోంది ప్రభువా, ఆవిడ ఊపిరితిత్తుల్ని ముట్టు, దగ్గినప్పుడు వచ్చే రక్తాన్ని ఆపు అన్నాను. రక్తం సంగతి నేను కల్పించిందే. గుండెలు కరిగేలా ఉండాలని కలిపాను. ఆమేన్ అని అందరూ ఒక్కసారిగా గట్టిగా అన్నారు. కళ్ళు తెరిచేసరికి అమ్మ ముఖం గోడకి వేసిన సున్నంలా ఉంది.

అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆరోజు అన్నం తినలేదంతే. నాన్న మాత్రం, "చిన్నపిల్ల, ప్రేమకొద్దీ అంది, దేవుడే చూసుకుంటాడు" అన్నాడు. దేవుడు చూసుకునే లోపల వాడ చూసుకుంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఒకింట్లో ఈ వారం శాకాహారం అన్నారు, ఒకింట్లో నిన్నటి కూర మిగిలిందన్నారు, ఒకింట్లో గొళ్ళెం వేసి రేడియో పెట్టారు. అందరూ మందిరంలో ఆమేన్ అన్నవాళ్ళే. ఎత్తిన బుట్ట ఎత్తినట్టే మా అరుగు దాకా వచ్చేది. ఎవులూ సేప తీసుకోటం నేదేటమ్మా అని ఆవిడ అడిగితే అమ్మ తల వంచుకుని, రెండు పూటలకి సరిపడా కొనేది.

అక్కడితో ఆగి ఉంటే ఇది చిన్నపిల్ల చేసిన పొరపాటుగా మిగిలేది. మా చెల్లికి పుట్టినప్పటినుంచీ ఆయాసం. పిల్లకి ఛాతీ బాగోని ఇంట్లో ఆ బుట్ట దించనిస్తారేమిటి పాస్టరమ్మగారూ అని ఎవరో అన్నారు. అంటదని డాక్టరు చెప్పిన సంగతి అమ్మకి తెలుసు. తెలిసీ భయపడింది, భయపడినందుకు సిగ్గుపడింది, సిగ్గుతో నూకరత్నం అత్తకి ముఖం చాటేసింది. బయట అడుగుల చప్పుడు వినగానే పూల పరదా వెనక్కి వెళ్ళి, "అమ్మ ఇంట్లో లేదని చెప్పు" అనేది నాతో. నేను గుమ్మంలో నిలబడి, కాలి బొటనవేలితో నేల రాస్తూ, లేదని చెప్పేదాన్ని. ఆవిడ సరేనమ్మా అని వెళ్ళిపోయేది. ఇలా ఎన్నిసార్లయిందో గుర్తులేదు. ఆఖరిసారి మాత్రం ఆవిడ వెంటనే వెళ్ళలేదు, కాసేపు అలాగే నిలబడింది. నేను తల ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అప్పన్నా ఆవిడా ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికో వెళ్ళిపోయారు. నాన్న ప్రతి నెలా కోనసీమ సంఘానికి రాసే పరిచర్య ఉత్తరంలో, వ్యాధితో ఉన్న ఒక మత్స్యకార సోదరి కోసం ప్రార్థించండి అని రాసేవాడు. కార్బన్ కాగితం పెట్టి నకళ్ళు తీసేది నేనే. అక్కడ గుప్పెడు బియ్యం తీసిపెట్టిన ముసలమ్మలు, ఎన్నడూ చూడని మనిషి కోసం ఏడాది పొడవునా మోకరించారు. మేము ఆవిడ దగ్గర చేప కొనడం మానేశామన్న సంగతి ఆ ఉత్తరాల్లో లేదు.

నాలుగేళ్ళ క్రితం ఆఫీసు పని మీద ఇక్కడికి ఉత్తరాన ఉన్న మాయాబందర్ వెళ్ళినప్పుడు, అక్కడి తెలుగువాళ్ళని అడిగి అడిగి ఆవిడ ఇల్లు పట్టుకున్నాను. జుట్టు పూర్తిగా నెరిసింది, మనిషి గట్టిగానే ఉంది, ఇంటి ముందు కొట్లో టీ అమ్ముతోంది. నేనెవరో చెప్పగానే బెంచీ తుడిచి కూర్చోబెట్టింది.

"ఆ రోజు నీ జబ్బు సంగతి బయటపెట్టింది అమ్మ కాదత్తా, నేను" అన్నాను.

"అది నాకప్పుడే తెలుసు" అంది ఆవిడ, టీ వడపోస్తూ. "మీ మందిరానికొచ్చినోలే సెప్పినారు. గుంటవి, దేముడికి సెప్పుకున్నావు, దానికేటి." గ్లాసు నా ముందు పెట్టి అంది: "ఆకరిపాలి వొచ్చినప్పుడు అమ్మ నేదన్నావు సూడు. పరదా కింద మీయమ్మ కాళ్ళు నాకు అగుపడతన్నాయి. ఆ పొద్దు నా నెత్తి మీద బుట్ట కూడా నేదమ్మా, నువ్ సూణ్ణేదు. దవా అంతా అయిపోనాది, బిల్కుల్ ఠీక్ అని డాట్రు కాయితం రాసిచ్చినాడు. మొదట మీయమ్మకే సూపిద్దారని ఆసుపత్రికాణ్ణుంచి అటే వొచ్చినాను."

కోపంగా అనలేదు, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. టీ తాగి వెళ్ళమంది. తాగాను. అమ్మ ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను.

ఇప్పుడు నాన్న లేడు. రేకుల మందిరం ఉన్నచోట సిమెంటు మందిరం లేచింది, వాన పడినా మైకులో ప్రసంగం వినపడుతుంది. పిల్లలు తెలుగు కీర్తనల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు. నెత్తిన బుట్ట ఎత్తుకుని వాడ తిరిగే ఆడవాళ్ళు నాకు కనిపించి చాలాకాలమైంది, ఇంకొకరి చేత ఉత్తరం రాయించుకునేవాళ్ళూ లేరు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. మోకాళ్ళు వంగవు కాబట్టి మంచం మీదే కూర్చుని సాయంత్రం ప్రార్థన చేస్తుంది, పేరు పేరునా, ఇప్పటికీ పైకే. అందరి పేర్లూ అయ్యాక, ఎక్కడున్నా సరే మా నూకరత్నాన్ని స్వస్థపరచు తండ్రీ అంటుంది, ముప్పై ఏళ్ళుగా ఒక్కరోజు మానకుండా. ఆవిడకి ఎప్పుడో నయమైందని నేను చెప్పలేదు. చెప్తే, నయమైన సంగతి చెప్పడానికి ఆవిడ మొదట ఎవరి గుమ్మానికి వచ్చిందో కూడా చెప్పాలి. అందుకని పక్కనే కళ్ళు మూసుకుని కూర్చుని, రోజూ, ఆమేన్ అంటాను.